మా బావ చేపలు, మా గంజి గొట్టం

మా బావని నేను తప్ప ఇంకెవరైనా ఒక్క మాటంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. అనాలంటే నేనే అనాలి. ఆయన మా అక్కని చేసుకున్న రోజు నుంచీ ఆ హక్కు నాది, ఇప్పటిదాకా దాన్ని ఒక్కరోజు కూడా ఖాళీగా ఉంచలేదు. అందుకే ఆయన సంగతి వీధిలో తలా ఒకరకంగా చెప్పేకంటే నేనే చెప్తే మేలనిపించింది. పొగడ్తలు కావాల్సినవాళ్ళు వేరే కొట్టు చూసుకోండి.

మా బావది క్షవరం పని. కాలవ గట్టు మీద రెండు కుర్చీల సెలూను. దాని పక్కనే మా లాండ్రీ, మా నాన్న కాలం నాటిది. రెండింటికీ మధ్య ఒకటే గోడ, అదీ ఒంటి ఇటుక గోడ. అటు ఆయన దగ్గితే ఇటు మాకు తెలుస్తుంది. ఇటు నేను ఎవరినైనా దులిపేస్తుంటే అటు గడ్డం గీయించుకునేవాళ్ళు నవ్వు ఆపుకోలేక బుగ్గలు కోయించుకున్న సందర్భాలున్నాయి. మా అక్క నా దగ్గరే కూర్చుని గుండీలు కుడుతుంది, చిరిగిన కాలర్లు తిప్పి వేస్తుంది. మొగుడి కొట్టులో కూర్చోవచ్చు కదే అంటే, "ఆయన మాటలు ఎదురుగా కూర్చుని వినాలంటే నా వల్ల కాదమ్మా, గోడవతల నుంచి వింటే చాలు" అంటుంది.

రెండు కొట్లకీ వెనక కిటికీలు కాలవ మీదకే. కాలవ అంటే అప్పట్లో పేరుకే కాలవ. పైన ఎక్కడో నదిలోంచి వస్తుంది, ఊళ్ళోకి అడుగుపెట్టగానే నల్లబడుతుంది. అద్దకం వాళ్ళు ఏ రంగు వేస్తే ఆ పూటకి కాలవ ఆ రంగు. మెకానిక్ షెడ్డు నుంచి నూనె, భోజనశాల నుంచి ఎంగిలి. మేం మాత్రం ఏం తక్కువ తిన్నాం? మా గొట్టంలోంచి సబ్బు నురగ, దాని వెనకాల వేడివేడి గంజి నీళ్ళు. వాసనకి అలవాటు పడిపోయాం గానీ, దోమలకి మాత్రం అలవాటు పడలేకపోయాం. ఒకసారి బావ ఒకాయనకి చెవి పక్కన కత్తి పెట్టి ఉండగా ఆ కుర్చీలో మనిషిని దోమ కుట్టింది. ఆయన ఎగిరిపడ్డాడు, కత్తి గీసుకుంది. ఆ చెవి పట్టుకుని ఆయన వీధి చివరిదాకా ప్రతి ఇంటి ముందూ ఆగి చూపించుకుంటూ వెళ్ళాడు.

ఆ గొడవ జరిగిన కొద్దిరోజులకే, గాజుతొట్ల చేపలు అమ్మే ఒకాయన కొట్టు ఎత్తేస్తూ చివరి క్షవరానికి వచ్చాడు. చేతిలో నీళ్ళ సంచి, అందులో గోరంత చేపలు. ఎక్కడో సముద్రాలవతలి రకమట. నారింజ తోకలు, నీలం చుక్కలు. "ఇవి దోమపిల్లల్ని తింటాయయ్యా, నీ కాలవలో వదులుకో" అని ఇచ్చి వెళ్ళిపోయాడు.

"ఆ బురదలో ఇవేం బతుకుతాయి బావా, పాపం కదా" అన్నాను నేను కిటికీలోంచి తల బయటపెట్టి.

"నేను బతకట్లేదూ, మీ అక్క పక్కన?" అని, సంచి మూతి విప్పి వంపేశాడు.

బతికాయి! బతకడమేంటి, కాపురాలు పెట్టాయి. అవి గుడ్లు కూడా పెట్టవట, ఏకంగా పిల్లల్నే కంటాయట. చూస్తుండగానే కాలవ పైపొర అంతా చిన్నచిన్న నోళ్ళు. దోమలు తగ్గాయి. సెలూనులో కుర్చీల్ని అద్దం వైపు కాకుండా కిటికీ వైపు తిప్పేశాడు మా బావ. వచ్చినవాడు తన మొహం చూసుకోడానికి వీల్లేదు, ఈయన చేపల్నే చూడాలి.

ఇక్కడ ఆయన గురించి ఒక మాట చెప్పాలి. అప్పటిదాకా ఆయన పట్టిందల్లా మట్టి. పుట్టగొడుగులు పెంచుతానని మంచం కింద గడ్డి పరిస్తే ఎలుకలు కాపురం పెట్టాయి. జుట్టు ఊడకుండా నూనె కాస్తానని కాస్తే, మొదట రాసుకున్న మా నాన్నకి ఉన్న నాలుగు వెంట్రుకలూ పోయాయి. అలాంటి మనిషి చెయ్యి పెట్టిన పని ఒకటి ఫలించింది. ఒకటా, వేలకి వేలు ఫలించాయి. ఆ ఆనందం పట్టలేకపోయాడు. వీధిలో ఆయన పేరే 'చేపల నాన్న' అయిపోయింది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. మా ఇంట్లో మాత్రం కాకి సొంత పిల్లని వదిలేసి చేపపిల్లల్ని ముద్దు చేసింది. అక్క కూతురు చదువు ముగించి కాలవల ఆఫీసులో ఉద్యోగంలో చేరిన కబురు వీధికి నేను చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు మా బావ, పొట్ట దగ్గర ఎర్రమచ్చ ఉన్న చేప కడుపుతో ఉందని వచ్చినవాళ్ళందరికీ చెప్తున్నాడు.

అంత సంతోషంలోనూ ఆయనకి ఒక దిగులు. "ఈ మురికిలోనే ఇంత బాగున్నాయే, నీళ్ళు శుభ్రంగా ఉంటే ఇంకెంత బాగుండేవో!" అని. ఆ మాట పట్టుకుని వదల్లేదు. కాలవల ఆఫీసు పెద్దసారు గడ్డం గీయించుకోడానికి ఈయన దగ్గరికే వచ్చేవాడు. సబ్బు రాసి, తల వెనక్కి వంచి, కత్తి సరిగ్గా గొంతు మీద ఆనించి అప్పుడు అడిగేవాడు.

"సార్, మన కాలవ ఎప్పుడు బాగుచేస్తారు?"

కత్తి గొంతు మీద ఉన్నప్పుడు చేయనని అనేవాడు ఎవడుంటాడు? వచ్చినప్పుడల్లా ఇదే వరస. చివరికి కాలవ బాగుచేసే పని మంజూరైంది. అది తన కత్తి మహిమేనని మా బావ ఇప్పటికీ నమ్ముతాడు. పైగా ఆ పని మా పిల్లకే అప్పగించారు. తండ్రి అడిగాడు, కూతురు చేస్తోంది, ఇంకేం కావాలి? అక్క కూడా కాస్త మెత్తబడింది.

పిల్ల రోజూ పొద్దున్నే గట్టు మీదకి వచ్చేది. తాడుకి కట్టిన చిన్న మీటరు లాంటి పరికరం నీళ్ళలోకి దించేది, పైకి తీసేది, మళ్ళీ నాలుగడుగులు వేసి దించేది. ఏం చూస్తున్నావే అంటే, "ఊపిరి చూస్తున్నా పిన్నీ" అంది.

"నీళ్ళకి ఊపిరేంటే?"

"నీళ్ళకి కాదు, నీళ్ళలో. మురికి కుళ్ళేటప్పుడు నీళ్ళలో ఉన్న గాలంతా అదే పీల్చేస్తుంది. చేపలకి మిగలదు."

"మరి మీ నాన్న చేపలో?"

ఆ పిల్ల నా మొహం వంక ఒకలా చూసి, తాడు చుట్టుకుంటూ వెళ్ళిపోయింది. నాకప్పుడు అర్థం కాలేదు.

అద్దకం వాళ్ళ గొట్టం మూయించింది. మెకానిక్ షెడ్డు వాళ్ళది, భోజనశాల వాళ్ళది, ఒక్కొక్కటీ మురుగు పైపుకి కలిపించింది. అడుగున పేరుకున్న బురద తోడించింది. నీళ్ళని చిలికే చక్రాలు పెట్టించింది. నలుపు పోయి గోధుమరంగు వచ్చింది, గోధుమరంగు పోయి పచ్చదనం వచ్చింది, ఒకరోజు కిటికీలోంచి చూస్తే కాలవకి అడుగు కనిపించింది. పుట్టి బుద్ధెరిగాక నేను ఆ కాలవ అడుగు చూడటం అదే మొదలు. మా బావ ఆనందానికి హద్దుల్లేవు. చేపలకి వెయ్యడానికి చిన్న బ్రెడ్డు కొనేవాడు పెద్ద బ్రెడ్డు కొనడం మొదలుపెట్టాడు.

కానీ తినడానికి వచ్చే నోళ్ళు తగ్గాయి.

మొదట పట్టించుకోలేదు. "ఎండకి నీడలోకి వెళ్ళుంటాయి" అన్నాడు. తర్వాత కొంగల్ని తిట్టాడు. తర్వాత చక్రాల చప్పుడుకి జడుసుకున్నాయన్నాడు. ఎర్రమచ్చ చేప కనపడటం మానేసింది. ఆయన గోడవతల నుంచి చేసే సందడి కూడా తగ్గింది. అప్పుడు ఆలోచనలో పడ్డాడు, అదే మా కొంప ముంచింది. మా బావ ఆలోచించకుండా చేసిన పనులే నయం. కాలవలోకి ఇంకా తెరిచి ఉన్న గొట్టం ఎవరిది? మా లాండ్రీది. చేపలు పోతున్నాయా? పోతున్నాయి. రెండూ రెండూ కలిపితే నాలుగు.

ఒకరోజు నేను చొక్కాలకి గంజి పెడుతున్నాను. అటు నుంచి ఎవరితోనో అంటున్నాడు, నాకు వినిపించాలనే గట్టిగా. "కొందరుంటారండీ, ఊరంతా బాగుపడుతుంటే వాళ్ళు మాత్రం విషం పోస్తూనే ఉంటారు."

"ఎవర్ని బావా అంటున్నావు?" అని కేకేశాను.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం దేనికో!"

అంతే. నేను ఇస్త్రీ పెట్టె కింద పెట్టాను, చేతిలో ఉంటే ప్రమాదమని. ఆ పూట గోడకి ఇటూ అటూ జరిగిన యుద్ధం వీధి వీధంతా బయటికొచ్చి విన్నది. మా నాన్న కొట్టునే విషమంటావా అని నేను, చేపల్ని చంపి చొక్కాలు తెల్లగా చేస్తావా అని ఆయన. ఆ రోజు నుంచి మాటల్లేవు. మాటల్లేవంటే, ఆయన నాతో మాట్లాడడు, నేను ఆయనతో మాట్లాడను, మధ్యలో అక్క ప్రాణం తీస్తాం.

"మీ చెల్లెల్ని ఆ గొట్టం మూసుకోమను."

"విన్నావుగా," అంటుంది అక్క సూది నోట్లో పెట్టుకుని.

"మీ ఆయనకి చెప్పక్కా, వీధి తవ్వి పైపు కలపాల్సింది ఆఫీసు వాళ్ళు, నేను కాదు. ఆ ఆఫీసులో ఆయన కూతురే ఉందని కూడా చెప్పు."

"వినండి," అంటుంది అక్క గోడకి. "చెవుడు మీ ఇద్దరికీ లేదు, ఖర్మ నాకుంది."

పిల్ల ఒక సాయంత్రం నా ఇస్త్రీ గదిలోకి వచ్చి మడతబల్ల మీద కూర్చుంది. చిన్నప్పటి నుంచీ తప్పు చేస్తే అక్కడే కూర్చునేది. "నాన్న నిన్ను ఊరికే తిడుతున్నాడు పిన్నీ. చేపలు పోవడానికి కారణం నువ్వు కాదు. నేను."

నాకు చొక్కా మాడినంత పనైంది.

"అవి ఎంత గట్టి ప్రాణాలంటే, నీళ్ళలో గాలి లేకపోయినా మూతి పైకి పెట్టి, పైపైన ఉండే పల్చటి నీళ్ళలోంచి పీల్చుకుని బతికేస్తాయి. నది చేపలకి అది చేతకాదు. అందుకే అవి ఊళ్ళోకి రాలేకపోయాయి. మురికి నాన్న చేపలకి తలుపు గొళ్ళెం లాంటిది పిన్నీ. నేను గొళ్ళెం తీసేశాను. ఇప్పుడు నదిలోంచి పెద్దనోటి చేపలు ఎగబడి వస్తున్నాయి. ఇవి గోరంతవి, తోకేమో దీపం పెట్టినట్టు మెరుస్తూ ఉంటుంది. దాక్కోడానికి బురద కూడా లేదు."

"మరి ముందే చెప్పొచ్చు కదే మీ నాన్నకి!"

"చెప్పలేదనుకున్నావా? పని మొదలుకాకముందే చెప్పాను. 'మంచినీళ్ళలో చేపలు చావడమేంటే, నీ చదువు తగలెయ్యా' అన్నాడు."

అన్నాడంటే అంటాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. నేను చెప్తే వింటాడా అంటే, నాతో మాటలే లేవాయె. అయినా నా కోపం ఊరుకోదు కదా. ఆ మర్నాడే సెలూనులోకి దూసుకెళ్ళి, "మీ ఆయనకి చెప్పక్కా" అని వాళ్ళావిడ లేని గదిలో మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. ఆయన నావైపు చూడకుండా కిటికీ వైపు తిరిగి విన్నాడు. అబద్ధం అనబోయాడు. సరిగ్గా అప్పుడే కిటికీ కింద నారింజ తోక ఒకటి మెరిసింది, దాని వెనకాల జానెడు నీడ ఒకటి కదిలింది, గుటుక్కుమంది. తోక లేదు.

"ఒరేయ్ తిండిపోతూ!" అని కాలవలోకి దువ్వెన విసిరేశాడు మా బావ.

ఆ రోజే పెద్ద నీలం టబ్బు కొన్నాడు. మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి, జల్లెడతో తన చేపల్ని దొరికినన్ని పట్టాడు. ఇన్నాళ్ళూ మురికిలో పెంచానే అన్న బాధతో, టబ్బుని నేను మా కొట్టులో గంజి గిన్నె కూడా తోమనంత తోమి, కుళాయి కింద పెట్టి తాగే నీళ్ళు నిండా పట్టి అందులో వదిలాడు. "ఇక రాజభోగం" అన్నాడు వాటితో. తెల్లారేసరికి అన్నీ పైకి తేలి ఉన్నాయి.

పిల్ల వచ్చి చూసింది. "కుళాయి నీళ్ళలో క్రిములు చావడానికి మందు కలుపుతారు నాన్నా. ఎండలో ఒక రోజంతా ఉంచి పొయ్యాలి."

"ముందు చెప్పొద్దూ?"

"అడిగావా?"

మా బావ టబ్బు పక్కన కింద కూర్చుండిపోయాడు. ఆ రోజు సెలూను తెరవలేదు. ఏడ్చాడు కూడా, గుమ్మం అవతల నుంచి మేం ముగ్గురం చూశాం. చేతులు తుడుచుకుని లేచి, "ఇక నా చేత్తో పట్టను. మిగిలినవి ఉన్నచోటే ఉంటాయి. ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు" అన్నాడు. ఆ మాట అన్న తీరుకి నాకు ఆయన మీదున్న కోపం సగం పోయింది. మిగతా సగం కావాలని ఉంచుకున్నాను.

మిగిలినవి ఎక్కడున్నాయో తర్వాత తెలిసింది. నేను గంజి తొట్టి ఖాళీ చేస్తున్నాను, వేడినీళ్ళు గొట్టంలోంచి కాలవలోకి పడుతున్నాయి. అటు కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి చూస్తున్నాడు మా బావ. ఒక్కసారిగా "మరదలా!" అని వేసిన కేకకి అక్క వేలికి సూది గుచ్చుకుంది.

వెళ్ళి చూశాను. నా గొట్టం కింద, గంజి కలిసి నీళ్ళు తెల్లగా, గోరువెచ్చగా, కాస్త కంపుకొడుతూ ఉన్న ఆ చిన్న మూల, అక్కడున్నాయి. గుంపుగా, మూతులు పైకి పెట్టి, తోకలాడిస్తూ. ఎర్రమచ్చ దానికి పిల్లలు కూడా. పెద్దనోటి చేపలు ఆ తెలుపు అంచుదాకా వస్తున్నాయి, ఊపిరాడక వెనక్కి తిరిగి పోతున్నాయి.

"చూశావా బావా నా విషం!" అన్నాను. ఎన్నాళ్ళకి నోరు చల్లబడిందో చెప్పలేను.

"తప్పైపోయింది తల్లీ. నీ గంజి చల్లగుండ."

ఇక చూడాలి మా బావని! నిన్నటిదాకా విషమైన గంజి ఇవాళ అమృతం. గోడ మీద తట్టి, "ఏం మరదలా, ఇవాళ పలచగా వచ్చిందేం?" అని అడిగేవాడు. తొట్టి ఆలస్యమైతే ఆరాటం. ఉతికి మడతపెట్టి పంపిన తువ్వాళ్ళనే విప్పి, మళ్ళీ ఉతకమని తిరిగి పంపేవాడు. గడ్డం గీయించుకోడానికి వచ్చినవాళ్ళ చొక్కాలు పట్టుకుని, "ఇది కొంచెం నలిగినట్టుంది, పక్కనే లాండ్రీ ఉంది, గంజి పెట్టించుకోకూడదూ" అని పోరేవాడు. నాకు గిరాకీ పెరిగింది. ఈ సుఖం ఎన్నాళ్ళుంటుందా అని నాకు లోపల భయంగానే ఉంది.

ఎందుకంటే, కాలవ మీద తెరిచి ఉన్న గొట్టం నాదొక్కటే. మిగతా అందరివీ మూయించిన పిల్ల నా దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. వచ్చేది, టీ తాగేది, మడతబల్ల మీద కూర్చునేది, గొట్టం ఊసెత్తకుండా వెళ్ళిపోయేది. నేనూ ఎత్తలేదు. నాకేం పోయింది, వీధి తవ్వితే నా గిరాకీకే దెబ్బ.

ఒక ఉదయం గోడవతల కుర్చీలో అద్దకం ఆయన కూర్చున్నాడు. సబ్బు మొహంతోనే మొదలుపెట్టాడు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మా గొట్టం మూయించడానికి ఎక్కడలేని చట్టాలూ చెప్పిందా పిల్ల. సొంత పిన్ని గొట్టం జోలికి మాత్రం పోదు. ఆఫీసులో కూడా అంతా ఇదే అనుకుంటున్నారు. పెద్దసారు పిలిచి అడిగాడట. ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారేమో."

నేను ఇస్త్రీ పెట్టెతో సహా లేచాను. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరం గోడకి చెవులు ఆనించాం. కత్తి గీకుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. అదీ ఆగింది.

"లే," అన్నాడు.

"అదేంటి, ఒక బుగ్గే కదా అయింది!"

"రెండోది ఇంకెక్కడైనా గీయించుకో. మా అమ్మాయిని అన్నవాళ్ళకి ఈ కొట్టులో ఒక బుగ్గే."

ఆయన సగం సబ్బు మొహంతో వీధిలోకి నడిచాడు. మా అక్క నోరు మూసుకుని నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుంది. అవి నవ్వు నీళ్ళు మాత్రమే కావని నాకు తెలుసు.

సాయంత్రం పిల్ల టీకి వచ్చింది. వెనకాలే ఆయనా వచ్చాడు. సెలూను గుడ్డ ఇంకా భుజం మీదే ఉంది.

"పిన్నికి ఇంకా నోటీసు ఇవ్వలేదేం?"

"ఇస్తాలే నాన్నా. తొందరేముంది?"

"మిగతా అందరికీ ఎప్పుడిచ్చావు?"

ఆ పిల్ల గ్లాసులోకి చూస్తూ కూర్చుంది.

"నా కోసం ఆపావా?"

"టబ్బు పక్కన కూర్చుని ఏడ్చావు కదా," అంది, తను కూడా ఏడుస్తూ. "నీకున్న సరదా అదొక్కటే. అది నా చేత్తో తీసెయ్యడం నా వల్ల కాలేదు నాన్నా. ఉద్యోగం పోతే పోనీ."

"పోనీయా? బుద్ధుందా నీకు?" అని గట్టిగా అరిచి, గొంతు దించాడు. "నాకు లేదులే. నాకే లేదు. కాలవ అడుగు కనిపిస్తోందే, ఎవరూ చెయ్యలేనిది చేశావు. నేనేమో తోకలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. మూసెయ్యమ్మా. రేపే మూసెయ్."

"ఇన్నాళ్ళకి తెలిసిందా!" అంది అక్క.

"అందరూ అన్నీ అనుకుంటున్నారు, గొట్టం నాది!" అన్నాను నేను. "నన్నెవరైనా అడుగుతారా లేదా?"

"లేదు," అన్నారు ముగ్గురూ ఒకేసారి.

వీధి తవ్వారు, పైపు కలిపారు. గొట్టం మూయడానికి మేస్త్రి వచ్చిన రోజు, సిమెంటు కలిపేలోపు ఒక్క తొట్టికి వ్యవధి ఉంది, పోసుకుంటే పోసుకోమన్నాడు. గంజి చిక్కగా కాచాను. ఆ పూట ఉతకడానికి ఒక్క చొక్కా కూడా లేదు. గొట్టంలోంచి తెల్లగా పడుతుంటే చేపలు ఎగబడ్డాయి. మా బావ గట్టు మీద నిలబడి చూశాడు. కావాలంటే ఎండలో పెట్టిన నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి నాన్నా, పట్టుకుందామా అని పిల్ల అడిగింది. తల అడ్డంగా ఊపాడు. "నేను పట్టను. నువ్వూ పట్టొద్దు" అన్నాడు. మేస్త్రికి సిమెంటు తట్ట ఆయనే అందించాడు. తెలుపు విడిపోయి, ఆ మూల కూడా మిగతా కాలవలాగే తేటపడింది. తర్వాత కిటికీలోంచి నారింజ రంగు కనిపించలేదు.

పిల్లకి ఆఫీసులో మంచి పేరొచ్చింది. కాలవ పైభాగం పని కూడా ఆమెకే ఇచ్చారు. ఈసారి ఆ కబురు వీధికి నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఒక మధ్యాహ్నం, రెండు కొట్లలోనూ గిరాకీ లేదు. గోడవతల నుంచి ఏ చప్పుడూ లేదు. నాకది నచ్చలేదు, వెళ్ళాను. బావ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో బ్రెడ్డు ముక్క. కింద నీళ్ళు తేటగా పారుతున్నాయి. నది చేపలు గుంపులుగా, ఏటికి ఎదురు తిరిగి, బలంగా ఉన్నాయి. అందంగా ఉన్నాయని ఒప్పుకోక తప్పదు. ఆయన బ్రెడ్డు తుంచి వేశాడు. అది తేలుకుంటూ వాటి నెత్తి మీదుగా వెళ్ళిపోయింది. ఒక్కటీ తల ఎత్తలేదు.

"చూశావా మరదలా," అన్నాడు. "వీటికి నాతో పనే లేదు."

నేను ఎవరికీ బాకీ పడని మనిషిని, మాటకి మాట అప్పటికప్పుడు ఇచ్చేస్తాను. ఆ పూట మాత్రం మాట బాకీ పెట్టాను. ఆయన అలా నిలబడి ఉంటే నేను చూడలేకపోయాను. వెళ్ళి కుర్చీలో కూర్చుని జడ విప్పేశాను.

"ఇదేంటి?" అన్నాడు.

"చివర్లు చిట్లిపోయాయి. కత్తిరించు."

"నేను ఆడవాళ్ళకి ఎప్పుడూ చెయ్యలేదు. పాడైతే?"

"పాడైతే తిడతాను. కొత్తా?"

కాసేపు నా తల వెనక నిలబడి జుట్టు వంకే చూశాడు. బ్రెడ్డు కిటికీ గట్టు మీద పెట్టాడు, చేతులు కడుక్కున్నాడు, ఉతికిన గుడ్డ దులిపి నా మెడ చుట్టూ కట్టాడు. దువ్వెన తడిపి, చిక్కులు నొప్పి పుట్టకుండా నెమ్మదిగా తీశాడు. "ఏం జరుగుతోందక్కడ?" అని గోడవతల నుంచి అక్క అరిచింది.

ఎడమవైపు పొట్టిగా, కుడివైపు పొడుగ్గా కత్తిరించాడు. సరిచేయబోయి కుడివైపు ఇంకా పొట్టి చేశాడు. చేతి అద్దం తెచ్చి ముందూ వెనకా చూపించి, నేనేమంటానా అని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

అద్దంలో నన్ను నేను బాగా చూసుకున్నాను. "మళ్ళీ ఎప్పుడు రమ్మంటావు బావా?" అని అడిగాను.